మన పందెంలో లేని పేర్లు

సినిమా అవార్డు ఎవరికొస్తుందో ముందే చెప్పడం ఒక ఎత్తు, ఎవరికి రావాలో తేల్చడం మరో ఎత్తు. మొదటి పనికి లోకజ్ఞానం చాలు. ఏ సినిమా ఎంత ఆడింది, జ్యూరీలో ఎవరున్నారు, పోయినేడు ఎవరికిచ్చారు, ఈసారి గాలి ఎటుంది అని నాలుగు లెక్కలు వేసుకుంటే సగం పేర్లు సరిగ్గానే తగులుతాయి. రెండో పనికి ఆ లెక్కలు చాలవు. సినిమాను మళ్లీ ఒకసారి మనసులో నడిపించుకోవాలి. ఎక్కడ కళ్లు చెమర్చాయి, ఎక్కడ మనసు ఒప్పలేదు, ఎందుకు ఒప్పలేదు అని మనల్ని మనమే అడగాలి. దొరికిన జవాబును పదిమంది ముందు పెట్టి, వాళ్లు కాదంటే దాని పక్కన నిలబడాలి. నాకు అవార్డుల కన్నా వాటి చుట్టూ జరిగే ఈ వాదన ఎక్కువ ఇష్టం. మా నల్లగొండలోనూ, మా అత్తగారి పాలమూరులోనూ ఈ వాదన విని, చేసి, దాని విలువ గురించి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది.

2025 మే నెలాఖర్లో గద్దర్ తెలంగాణ ఫిలిం అవార్డులు ప్రకటిస్తారని తెలిసినప్పుడు, నల్లగొండ గడియారం దగ్గర చాయ్ తాగే మా జమాతులో వేరే ముచ్చట లేదు. 2024 సినిమాల్లో ఉత్తమ నటుడు ఎవరన్నదానికి పెద్ద కొట్లాట ఏమీ జరగలేదు. ‘పుష్ప-2’కు అల్లు అర్జున్ అని ఆర్టీసీలో పనిచేసే మిత్రుడు మొదటి రోజే తేల్చేశాడు, అందరూ తలూపారు. ఉత్తమ చిత్రం దగ్గర మాత్రం బల్ల రెండుగా చీలింది. కొందరు ‘కల్కి 2898 ఏడీ’ అన్నారు, కొందరు ‘లక్కీ భాస్కర్’ అన్నారు. అంతలో పాలమూరు వైపు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ‘కల్కి’ తీసిన నాగ్ అశ్విన్ వాళ్ల సొంతూరు నాగర్‌కర్నూల్ దగ్గరి ఐతోల్.

“బావా, డైరెక్టర్ అవార్డు మా జిల్లాది. ఇగ మీరేం మాట్లాడకుండ్రి” అని మా బామ్మర్ది కల్వకుర్తి నుంచి.

“జిల్లా సంగతి తర్వాత తమ్మీ, ఎందుకియ్యాలె, అది జెప్పు.”

“అంత పెద్ద లోకాన్ని కండ్ల ముంగట నిలవెట్టిండు. ఇంకేం గావాలె?”

స్పీకర్లో పెట్టిన ఆ ఫోను మీదికి వంగి, రిటైరైన తెలుగు సార్ అడిగాడు: “నిలవెట్టిండు నాయనా, కాదంటలేను. ఆ లోకంల ఉన్న మనిషికి కష్టమొస్తే నీకు ఏడ్పొచ్చిందా?” బామ్మర్ది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అశ్వత్థామ కాడ వచ్చింది సార్” అన్నాడు. సార్ ఆ జవాబును మెచ్చుకున్నాడు. తన అభిప్రాయం మార్చుకోలేదు, కానీ అవతలివాడు నిజంగా చూసి మాట్లాడుతున్నాడని నమ్మాడు. మంచి వాదన ఇంతకంటే ఎక్కువ ఏమీ అడగదు.

మే 29న జయసుధ అధ్యక్షతన ఉన్న జ్యూరీ పేర్లు ప్రకటించింది. ఉత్తమ చిత్రం ‘కల్కి’, ఉత్తమ దర్శకుడు నాగ్ అశ్విన్, ఉత్తమ నటుడు అల్లు అర్జున్, ఉత్తమ నటి ‘35 చిన్న కథ కాదు’లో నివేదా థామస్, మూడో ఉత్తమ చిత్రం ‘లక్కీ భాస్కర్’. మా లెక్కలు చాలామటుకు తగిలాయి. రెండో ఉత్తమ చిత్రం దగ్గరికి వచ్చేసరికి అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అక్కడున్న పేరు ‘పొట్టేల్’. సాహిత్ మోత్కూరి తీసిన ఆ సినిమా 2024 అక్టోబరులో విడుదలైంది. మా పందెంలో ఎవరూ దాన్ని కాయలేదు. జమాతులో దాన్ని చూసినవాళ్లే తక్కువ.

ఆ వారంలో అందరూ చూశారు. గొర్లు కాసుకునే ఒక తండ్రి, పటేలు పెత్తనాన్ని ఎదిరించి కూతురికి చదువు చెప్పించుకోవాలని పడే పాట్లు అందులో కథ. చూసొచ్చిన మర్నాడు, కాలేజీలో అటెండరుగా చేసే మిత్రుడు, ఎప్పుడూ మా వాదనల్లో నోరు మెదపనివాడు, తన చిన్నప్పటి సంగతి చెప్పాడు. వాళ్ల నాయిన పరీక్ష ఫీజు కోసం మందలోంచి ఒక గొర్రెను అంగడికి తోలుకుపోయాడట. ఏ గొర్రెను అమ్మాలా అని ముందు రోజు రాత్రి దొడ్లో కందిలి పట్టుకొని ఒక్కోదాని వెన్ను తడుముతూ తిరిగాడట. “సినిమాల తండ్రి పిల్లను బడికి పంపుతుంటే నాకు మా నాయిన చెయ్యి యాదికొచ్చింది” అన్నాడు. ఆ పొద్దు సినిమాలో లోపాలు చెప్పినవాళ్లూ ఉన్నారు. హింస ఎక్కువైందన్నారు, నిడివి పెరిగిందన్నారు. అటెండరు మిత్రుడు వాటిలో కొన్ని ఒప్పుకున్నాడు, కొన్ని ఒప్పుకోలేదు. అన్నేళ్ల స్నేహంలో ఆయన ఒక సినిమా గురించి అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఒక అవార్డుల జాబితా చేయగల మంచి పని నాకు ఆ రోజు కళ్లారా కనిపించింది. మనం ఊహించిన పేరు వస్తే చప్పట్లు కొట్టి మర్చిపోతాం. ఊహించని పేరు వస్తే వెళ్లి చూస్తాం, చూసి మాట్లాడతాం.

ఈ మాటలాట మాకు ఎన్నో ఏళ్లు కరువైంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 1964 నుంచి లేపాక్షి బసవన్న రూపంలో నంది అవార్డులు ఇచ్చింది. బంగారు నంది దేనికి, వెండి నంది దేనికి, కంచు నంది దేనికి అని మా నాయిన తరం పేపరు ముందేసుకొని వాదించుకునేది. మా జిల్లా బిడ్డ ఎన్. శంకర్ ‘జై బోలో తెలంగాణ’కు 2011 సంవత్సరపు ఉత్తమ దర్శకుడిగా నంది అందుకున్నప్పుడు ఇక్కడ జరిగిన సంబురం వేరు. ఉద్యమం మంచి వేడి మీదున్న కాలమది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014, 2015, 2016 సంవత్సరాల నందులను 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించింది. దాని మీద పెద్ద రచ్చే జరిగింది. ఆ తర్వాత నందుల ఊసు లేదు. తెలంగాణ వచ్చి పదేళ్లు కావస్తున్నా తనదంటూ ఒక సినిమా అవార్డు లేదు. 2024 జనవరి 31న, గద్దర్ జయంతి నాడు, పాలమూరు కొండారెడ్డిపల్లికి చెందిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గద్దర్ పేరుతో అవార్డులు ఇస్తామని ప్రకటించారు. 2025 జూన్ 14న హైదరాబాదు హైటెక్స్‌లో మొదటి ఉత్సవం జరిగింది. 2014 నుంచి 2023 వరకు ఏడాదికి మూడు ఉత్తమ చిత్రాల చొప్పున పాత బాకీ కూడా తీర్చారు.

నడుమ ఖాళీగా పోయిన ఏళ్లలో మా వాదనలు సముద్రాలు దాటాయి. 2023 మార్చి 13, సోమవారం పొద్దున సంగతి తెలుగునాట ఎవరినడిగినా చెబుతారు. లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్లో జరిగే 95వ ఆస్కార్ ఉత్సవం మనకు తెల్లవారుజామున మొదలైంది. కీరవాణి సంగీతం, చంద్రబోస్ సాహిత్యం, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు, ప్రేమ్ రక్షిత్ అడుగులు కలిసిన ‘ఆర్ఆర్ఆర్’ పాట ‘నాటు నాటు’ ఉత్తమ ఒరిజినల్ పాటల బరిలో ఉంది. పోటీలో లేడీ గాగా ఉంది, రిహానా ఉంది. “వాళ్ల ఊర్ల, వాళ్ల పండుగల, వాళ్లను కాదని మనకిస్తరా?” అని ఒకరి సందేహం. “ఇస్తరు, చూస్తుండు” అని సెల్ పాయింట్ నడిపే పిల్లగాడి ధీమా.

ఆ పిల్లగాడి ధీమా ఉత్త అభిమానం కాదు, దానికి ఆధారం ఉంది. మెట్ట భూముల్లో బోరు వేయించే రైతు, పక్క చెలకలో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో కనుక్కొని గానీ బండిని పిలవడు. ఆస్కార్‌ను ఊహించేవాళ్లు కూడా అలాగే ముందు జరిగిన ఉత్సవాలు చూస్తారు. జనవరిలో గోల్డెన్ గ్లోబ్ ఆ పాటకే వచ్చింది, క్రిటిక్స్ ఛాయిస్ కూడా ఆ పాటకే వచ్చింది. ఆస్కార్‌లో నామినేషన్ ఓటు పాటల విషయం తెలిసిన సంగీత విభాగం వాళ్లు వేస్తారు. తుది ఓటు మాత్రం నటులు, ఎడిటర్లు, మేకప్ కళాకారులు అందరూ కలిసి, తొమ్మిది వేలకు పైగా సభ్యులు వేస్తారు. అంతమంది వేసే ఓటులో, విన్న వెంటనే కాలు కదిపించే పాటకు మొగ్గు ఉంటుంది. ఆ లెక్క సరిపోయింది, పాట గెలిచింది. నల్లగొండలో ఆ పొద్దున మిఠాయి దుకాణాలు తెరవకముందే ఇంట్లో ఉన్న బెల్లం ముక్కలు నోట్లో వేసుకున్నవాళ్లను నేనెరుగుదును.

కానీ ఆ ఏడాది అసలైన వాదన పాట గెలవడానికి నెలల ముందు జరిగింది. అంతర్జాతీయ చిత్రాల విభాగానికి ఒక దేశం ఒక్క సినిమానే పంపాలి. భారత్ తరఫున గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ వెళ్లింది, ‘ఆర్ఆర్ఆర్’ వెళ్లలేదు. అన్యాయమని బల్ల గుద్దినవాళ్లే ఎక్కువ. తెలుగు సార్ మాత్రం ఒక మాటన్నాడు: “వాళ్లు పంపింది సినిమా పిచ్చి పట్టిన పల్లెటూరి పిల్లగాని కథ. ముందుగాల అది చూడుండ్రి. చూసి, మనదే గొప్పని చెప్పుండ్రి. చూడకుంట చెప్పకుండ్రి.” సార్ చెప్పినట్టు నేను ఆ సినిమా చూశాను. సౌరాష్ట్రలోని ఒక చిన్న స్టేషను ఊరి పిల్లవాడు ప్రొజెక్టర్ వెలుగు వెంట పడి తిరిగే ఆ కథ నాకు ఎంతో నచ్చింది. దేన్ని పంపాలన్న విషయంలో ఇప్పటికీ నా ఓటు ‘ఆర్ఆర్ఆర్’కే. కానీ ఇప్పుడు నా ఓటుకు బరువుంది. రెండూ చూసి వేసిన ఓటు అది.

లెక్కలతో ఊహించే విద్యకు ఒక హద్దుంది. జాతీయ అవార్డుల దగ్గర ఆ విద్య పనిచేయదు. అక్కడ ముందస్తు ఉత్సవాలు లేవు, ప్రచారాలు లేవు. ప్రాంతాల వారీ జ్యూరీలు మొదట వడపోస్తే, ఢిల్లీలో కేంద్ర జ్యూరీ మిగిలినవి చూసి తేలుస్తుంది. మూసిన తలుపుల వెనుక కొద్దిమంది కూర్చొని చూసిన సినిమాలు, ఆ సినిమాల్లో వాళ్లను పట్టి ఆపిన పనితనం, అంతే. మా నల్లగొండ పేరు ఆ తలుపుల వెనుక ఎలా వినిపించిందో చెబితే, నేను చెప్పదలచుకున్నది మీకు తేటపడుతుంది.

బి. నర్సింగరావు 1988లో ‘దాసి’ తీశారు. 1920ల నాటి తెలంగాణ గడీ. దొరసానికి అరణంగా వచ్చి, ఆ గోడల మధ్యనే బతుకు కరిగించుకునే కమలాక్షి కథ. 36వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో దానికి ఐదు దక్కాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, కళా దర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం, దుస్తుల రూపకల్పనకు పిట్టంపల్లి సుదర్శన్. అర్చనకు ముందటి ఏడే తమిళ ‘వీడు’లో నటనకు ఇదే అవార్డు వచ్చింది. వరుసగా రెండో ఏడు అదే నటికి ఇస్తారని ఏ లెక్కగాడూ పందెం కాయడు. ఇక ఐదో పేరు సంగతి. సుదర్శన్ మా మిర్యాలగూడ మనిషి. నాగార్జునసాగర్‌లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు, బొమ్మలు వేశారు, ఫొటోలు తీశారు. మద్రాసు స్టూడియోల్లో పెరిగినవారు కారు. ‘దాసి’ తర్వాత ఆ సినిమా పేరే ఆయన ఇంటిపేరు అయిపోయింది. 2024 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా ఆయన అందరికీ దాసి సుదర్శనే.

సినిమాలో దుస్తుల పని గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. హీరో వేసుకున్న చొక్కా బాగుందనుకుంటే అదే గొప్ప. ‘దాసి’ని ఆ కన్నుతో చూడండి. గడీలో పని చేసే ఆడమనిషి కట్టిన చీర కొత్తదిగా కనబడితే కథ అక్కడే అబద్ధమైపోతుంది. బావి దగ్గర నీళ్లు తోడిన చీర, పొయ్యి దగ్గర పొగచూరిన చీర, ఉతికి ఉతికి రంగు పోయిన చీర ఎట్లా ఉంటాయో తెలిసుండాలి. దొర ధోవతి తెల్లగా ఉండటానికి, దాసి చీర మాసి ఉండటానికి సంబంధముంది. ఆ ధోవతిని అంత తెల్లగా ఉతికే చేతులు ఆమెలాంటి వాళ్లవే. ఎవరూ నోటితో చెప్పని ఈ సంగతి తెర మీద బట్ట చెబుతుంది. ఆ బట్ట అట్లా ఉండాలని తెలిసినవాడు, గడీల కథలు వింటూ పెరిగిన ప్రాంతంవాడై ఉంటాడు. ఢిల్లీ జ్యూరీ ఆ పనితనాన్ని పట్టుకుంది. అప్పట్లో సినిమా పందేలు కాసిన మన ఊళ్లలో ఆ విభాగం గురించి ఒక్కరైనా మాట్లాడి ఉంటారా అంటే నాకు నమ్మకం లేదు.

పాట దగ్గర కూడా మా జిల్లాకు ఇలాంటి కథే ఉంది. ఉత్తమ గీత రచయితగా తెలుగుకు జాతీయ అవార్డు 1974 ‘అల్లూరి సీతారామరాజు’తో శ్రీశ్రీకి వచ్చింది. మళ్లీ 1993 ‘మాతృదేవోభవ’తో వేటూరికి వచ్చింది. మూడోది 2003 ‘ఠాగూర్’తో సుద్దాల అశోక్ తేజకు. సుద్దాల ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని ఊరు, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. సాయుధ పోరాట కాలంలో పల్లె పల్లెనా పాట కట్టిన సుద్దాల హనుమంతు కొడుకు ఆయన. చిరంజీవి నటించిన, జనం విరగబడి చూసిన వ్యాపార చిత్రంలోని పాట అది. అవార్డు సినిమా అంటే నెమ్మదిగా నడిచేది, ఎవరూ చూడనిది అని వాదించే మిత్రులకు నేను ఆ పాటనే చూపిస్తాను. జనం ఈలలు వేసిన హాల్లోనే జ్యూరీకి కావలసిన కవిత్వం కూడా ఉంది. ఆ తర్వాత ‘కొండపొలం’ పాటకు చంద్రబోస్, ‘బలగం’ పాటకు కాసర్ల శ్యామ్ అదే అవార్డు అందుకున్నారు. ఐదుగురిలో ముగ్గురు తెలంగాణ పల్లె పదం నోట పట్టి పెరిగినవాళ్లే. హీరోల పేర్లతో గొంతు పోగొట్టుకున్న మన వాదనల్లో ఈ వరుస గురించి ఎంత మాట్లాడుకున్నాం?

గద్దర్ అవార్డుల్లోనూ నా కన్ను పెద్ద పేర్ల పక్కనున్న వాటి మీదికే పోయింది. 2019 సంవత్సరానికి మొదటి ఉత్తమ చిత్రం ‘మహర్షి’, రెండోది ‘జెర్సీ’, మూడోది ‘మల్లేశం’. ఆలేరు దగ్గరి శారాజీపేట చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం జీవితం అది. రాజ్ రాచకొండ తీశారు, ప్రియదర్శి నటించాడు. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా బిగించిన మేకుల చుట్టూ నూలును తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి మీటరు దూరం అటూ ఇటూ 9,000 సార్లు ఆడుతుంది. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. పోసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆ కొడుకు ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో యంత్రం తయారుచేశాడు, దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ సినిమాలో తల్లి ఆసు దగ్గర కూర్చున్న దృశ్యాలు వచ్చినప్పుడు మా పక్క సీట్లో ఉన్న పోచంపల్లి వైపు పెద్దమ్మ కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకొని చూసింది. సినిమా అయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు. ‘జెర్సీ’ గొప్ప సినిమా, అందులో నాని రైల్వే స్టేషనులో అరిచిన అరుపు నేను మర్చిపోను. ‘మహర్షి’ రైతు గురించి మాట్లాడింది, దాన్ని కోట్ల మంది విన్నారు. అయినా ఆ మూడింటి వరుస నన్ను పెట్టమంటే నేను తిరగేసి పెడతాను. ‘మల్లేశం’ ఒక మనిషి కండరం నొప్పిని కథగా మార్చింది. ఆ నొప్పి తెలిసినవాళ్లు దాన్ని తమ ఒంట్లో గుర్తుపట్టారు. కాదనేవాళ్లు రండి, కూర్చుందాం, మాట్లాడుకుందాం. ఆరేళ్లు ఆలస్యంగానైనా జాబితాలో ఆ పేరు చేరింది గనుకే ఈ మాట ఇప్పుడు మళ్లీ అనగలుగుతున్నాను.

ఆ ఉత్సవంలోనే నల్లగొండనూ పాలమూరునూ కలిపిన అవార్డు ఒకటుంది. కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన తాడేపల్లి లక్ష్మీ కాంతారావును తెలుగు జనం కత్తి కాంతారావు అని పిలుచుకున్నారు. విఠలాచార్య జానపదాల్లో ఆయన కత్తి పడితే నేల టిక్కెట్టు లేచి నిలబడేది. ‘లవకుశ’లో లక్ష్మణుడు ఆయనే. ఎన్నో సినిమాల్లో నారదుడూ ఆయనే. సొంతంగా సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకున్నారు, చివరి రోజుల్లో ఇబ్బందులు పడ్డారు, 2009లో పోయారు. రఘుపతి వెంకయ్య అవార్డు ఆయనకు దక్కిందన్నది ఒక తృప్తి. ఇప్పుడు ఆయన పేరుతోనే రాష్ట్రం ఒక అవార్డు పెట్టింది. తొలిసారి దాన్ని అందుకున్నది విజయ్ దేవరకొండ. వాళ్ల కుటుంబానిది అచ్చంపేట వైపు తుమ్మన్‌పేట. ‘అర్జున్ రెడ్డి’కి వచ్చిన తన మొదటి ఫిల్మ్‌ఫేర్ బొమ్మను 2018లో వేలం వేసి, వచ్చిన 25 లక్షలు ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చిన నటుడు. మా బామ్మర్ది ఆ పొద్దు కూడా ఫోను చేసి, “మీ తాత పేరు, మా పిల్లగాని చెయ్యి” అన్నాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. తన కాలంలో మనం సరిగ్గా తూచని ఒక నటుడి పేరు, ఈ కాలపు కుర్రాళ్ల నోట మళ్లీ పడింది. వాళ్లలో కొందరు ఫోనులో వెతికి ఆయన కత్తియుద్ధాలు చూస్తున్నారు.

ఇక అవార్డుకు పేరైన గద్దర్ గురించి. నల్లగొండ సిరిపురం నేపథ్యంగా నడిచే ‘మా భూమి’లో తెర మీద కనబడి పాడిన మనిషి ఆయన. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’లో రాసిన పాటకు నంది ప్రకటిస్తే వద్దన్నారు. ప్రభుత్వం ఇచ్చేదాన్ని కాదనగలిగిన కవి పేరుతో ప్రభుత్వమే అవార్డు ఇస్తోంది. ఈ పేరు జ్యూరీ మీద పెద్ద బరువు పెడుతుంది. ఎవరి మెప్పు కోసమూ ఇవ్వలేదని, పని చూసే ఇచ్చామని ఆ జాబితా ప్రతి ఏడూ రుజువు చేసుకోవాలి. చూసేవాళ్ల మీద కూడా అంతే బరువు పెడుతుంది. ఇచ్చారు కదా అని తలూపకుండా, ఎందుకిచ్చారని అడిగే ప్రేక్షకులం కావాలి మనం.

అడగడమంటే తిట్టడం కాదు. అభిమానుల మధ్య ఇప్పుడు నడుస్తున్న గొడవలు నాకు దిగులు పుట్టిస్తాయి. పేరు చివర ఏముంది, ఏ జిల్లా, ఎవరి కొడుకు అన్నచోట మొదలైన మాట సినిమా దాకా ఎప్పటికీ రాదు. మా జిల్లా అని గర్వపడటంలో తప్పు లేదు, నేనూ గర్వపడుతున్నాను. గర్వం దగ్గరే ఆగిపోతే మాత్రం సుదర్శన్ చేసిన పని మనకు కనబడదు, ఆయన ఊరు మాత్రమే కనబడుతుంది.

అందుకే నాకు రెండు కోరికలున్నాయి. జాతీయ అవార్డుల్లో ప్రతి విజేత పేరు పక్కన, ఎందుకు ఎంచుకున్నారో ఒకటి రెండు వాక్యాల్లో రాస్తారు. మన రాష్ట్ర జ్యూరీ కూడా ప్రతి పేరుకూ కారణం రాసి, పేపర్లన్నిటిలో వచ్చేలా చూడాలి. ‘పొట్టేల్’ రెండో స్థానంలో ఎందుకుందో జ్యూరీ మాటల్లోనే చదివి ఉంటే, గడియారం దగ్గర మా వాదన ఇంకో మెట్టు పైన మొదలయ్యేది. రెండో కోరిక మన నుంచే. ఈసారి అవార్డుల కాలం వచ్చినప్పుడు జాబితాను కింది నుంచి ఎత్తుకుందాం. కూర్పు ఎవరిది, శబ్దం ఎవరిది, బట్టలెవరివి, పాటలో ఏ చరణం బలంగా ఉంది, చిన్న వేషం వేసి కూడా మన కళ్లలో నిలిచిపోయింది ఎవరు? హీరో పేరు చివర్లో తేల్చుకుందాం, దానికెలాగూ గొంతులు ఉంటాయి.

దేవరకొండలోనో, గద్వాలలోనో, కొల్లాపూర్‌లోనో ఇవాళ కూడా ఒక డ్రాయింగ్ సారు ఏదో చిన్న సినిమాకు బట్టల రంగు ఎట్లా మాయాలో ఆలోచిస్తూ ఉండొచ్చు. జ్యూరీ ఆయన పేరు చదవకముందే, ఆ పని చూసి “ఈయనకు రావాలె” అని కారణంతో సహా చెప్పగల ప్రేక్షకులు ఈ రెండు జిల్లాల్లో తయారైతే, మన వాదనలన్నీ సార్థకమైనట్టే.